స్కాలర్‌షిప్ వెబ్‌సైటు ఖర్చు దేనికి?

(వార్షిక సభలో సాంకేతిక సేవా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది ఇదే సభలో ఒక పెద్దాయన లేచి ఒక ప్రశ్న వేశారు. "జమాఖర్చుల్లో వెబ్‌సైటు నిర్వహణ అని ఒక పద్దు కనబడుతోంది. వెబ్‌సైటు ఒకసారి తయారుచేశాక ఇక నిర్వహణ ఏమిటి బాబూ? గోడకు రంగు వేశాం, అయిపోయింది కదా?" అన్నారు. ఆ రోజు మాకు సరిగా జవాబు చెప్పడం రాలేదు. వేళ మించిపోయిందని కార్యదర్శిగారు మమ్మల్ని కూర్చోబెట్టేశారు. నిజం చెప్పాలంటే అప్పుడు అదే మాకు మేలైంది. ఈ ఏడాది ఆ బాకీ తీర్చుకోవడానికే వచ్చాం.

గోడకు రంగు వేస్తే ఐదేళ్ళు ఉంటుంది. మన స్కాలర్‌షిప్ దరఖాస్తులో మాత్రం ఏటా మార్పులు పడతాయి. ఒక ఏడాది ఇంటర్ పిల్లలకు మాత్రమే అన్నాం, మరుసటి ఏడాది పాలిటెక్నిక్, నర్సింగ్ పిల్లలను చేర్చాం. ఆదాయ పరిమితి మారుతుంది. పాసుపుస్తకం ఫొటో కూడా జతచేయమంటారు. ఇవి కాక, అడుగున పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపం బయటపడినప్పుడల్లా కొత్త వెర్షన్ వేసుకోవాలి. ఇలా మార్చిన ప్రోగ్రాంను మా కంప్యూటర్ నుంచి అందరూ వాడే సర్వర్ మీదికి చేర్చడాన్ని డిప్లాయ్‌మెంట్ అంటారు. ఈ రోజు మేము చెప్పేదంతా ఆ ఒక్క పని గురించే.

మూడేళ్ళ క్రితం వరకు ఆ పనిని మాలో ఒక్కరే చేసేవారు. పగలంతా ఉద్యోగం, ఇషా తర్వాత లాప్‌టాప్ తెరిచి సర్వర్‌లోకి వెళ్ళి, పది పన్నెండు ఆదేశాలు ఒకదాని తర్వాత ఒకటి టైపు చేసేవారు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆయన బుర్రలోనే ఉండేది. జీతం లేదు, పేరు లేదు. ఎన్ని రాత్రులు అలా కూర్చున్నారో మాకు తెలుసు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే సంగతిలో తప్పు ఆయనది అని ఎవరూ అనుకోవద్దని ముందే మనవి చేస్తున్నాం. పనంతా ఒక్కరి మీద వదిలేసిన మా అందరిదీ ఆ తప్పు.

ఆ ఏడాది దరఖాస్తుల గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఒక చిన్న మార్పు చేయాల్సి వచ్చింది. ఆయన లాప్‌టాప్‌లో అది చక్కగా పనిచేసింది. సర్వర్ మీద మాత్రం పైథాన్ పాత వెర్షన్ ఉంది. ఫొటోలను సరిచేసే లైబ్రరీ దానితో కుదరలేదు. సైటు ఆగిపోయింది. రాత్రి ఒంటిగంట దాటింది. తెల్లారితే పిల్లలు నెట్ సెంటర్ల ముందు నిలబడతారు. తొందరలో ఆయన ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్ళీ మొదటినుంచి పెట్టారు. సైటు లేచింది. కానీ పిల్లలు పంపిన ఆదాయ ధ్రువపత్రాలు, మార్కుల జాబితాలు ఆ ఫోల్డర్ లోపలే ఉన్నాయి. బ్యాకప్ చూస్తే వారం కిందటిది.

14 మంది పిల్లల కాగితాలు పోయాయి. పేర్లు, ఫోన్ నంబర్లు డేటాబేస్‌లో విడిగా ఉండబట్టి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. పిడుగురాళ్ళ దగ్గర ఒక ఊరి నుంచి ఒక అమ్మాయి తండ్రి ఎత్తారు. "మళ్ళీ పేటకు వెళ్ళి పంపాలంటే నాకొక రోజు కూలి పోతుంది సార్. పంపితే ఈసారి ఉంటాయంటారా?" అని అడిగారు. ఉంటాయని చెప్పాం గానీ, చెప్పేటప్పుడు మా గొంతులో ధైర్యం లేదు. మొత్తం మీద 11 మంది మళ్ళీ పంపారు. మిగిలిన ముగ్గురు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఆ ఏడాది వాళ్ళకు సాయం అందలేదు. దాతలుగా మీరు ఇచ్చిన సొమ్ము ఖాతాలో ఉంది, అర్హులైన పిల్లలూ ఉన్నారు. మధ్యలో ఉన్నది మా ఫోల్డర్ ఒక్కటే.

తర్వాత కొన్ని నెలలకే ఆయనకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. మనకు పగలైతే అక్కడ రాత్రి. సర్వర్ తాళాలు ఆయన లాప్‌టాప్‌లో, పద్ధతి ఆయన బుర్రలో, రెండూ సముద్రం దాటిపోయాయి.

ఇలాంటివి స్వచ్ఛంద సేవకులకే జరుగుతాయనుకోకండి. అమెరికాలో నైట్ క్యాపిటల్ అని షేర్ల వ్యాపార సంస్థ ఉండేది. 2012 జులై ఆఖరులో వాళ్ళు కొత్త ప్రోగ్రాంను 8 సర్వర్లలో పెట్టాల్సి ఉండగా, ఒకదానిలో పెట్టలేదు. రెండో మనిషి సరిచూడాలన్న నియమం కూడా వాళ్ళకు లేదు. ఆగస్టు 1న మార్కెట్ తెరిచాక ఆ ఒక్క సర్వర్‌లోని పాత ప్రోగ్రాం అడ్డదిడ్డంగా ఆర్డర్లు పెట్టింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. సంస్థ తన కాళ్ళమీద నిలబడలేక మరొకరి చేతికి వెళ్ళిపోయింది.

ఇక మేము చేసిన మార్పు చెబుతాం. వలీమాకు బావర్చీని పిలిస్తే తన ఊళ్ళో వండిన బిర్యానీ రుచి మన ఊళ్ళో ఒక్కోసారి రాదు. బియ్యం వేరు, నీళ్ళు వేరు, పొయ్యి వేరు, డేగిసా వేరు. "మా దగ్గర బాగానే వచ్చింది" అంటాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పే మాట కూడా అచ్చంగా అదే. కంటైనర్ అంటే బావర్చీతో పాటు బియ్యం, మసాలా, నీళ్ళు, డేగిసా అన్నీ ఒకే పెట్టెలో పెట్టి పంపడం. మన ప్రోగ్రాం, దానికి కావలసిన పైథాన్ వెర్షన్, లైబ్రరీలు అన్నీ ఆ పెట్టెలో ఉంటాయి. ఏ సర్వర్ మీద తెరిచినా లోపల ఉన్నది ఒక్కటే. విశాఖ రేవులో ఓడల మీదికి ఎక్కించే ఇనుప పెట్టెలు చూసి ఉంటారు, పేరు అక్కడినుంచి వచ్చిందే. లోపల ఏముందో క్రేన్‌కు అక్కరలేదు, పెట్టె కొలత తెలిస్తే చాలు. 2013లో డాకర్ అనే సాధనం వచ్చాక సాఫ్ట్‌వేర్‌లో ఇది అందరికీ అందుబాటులోకి వచ్చింది. పెట్టెలో ఏమేమి ఏ వరుసలో పెట్టాలో డాకర్‌ఫైల్ అనే చిన్న కాగితంలో రాస్తాం. మనది ఇరవై పంక్తులు కూడా లేదు. ఇదివరకు ఒకరి బుర్రలో ఉన్నదే ఇప్పుడు ఆ కాగితం మీద ఉంది.

పెట్టె ఒక్కటే చాలదు. దాన్ని మోసుకెళ్ళే మనిషి మళ్ళీ రాత్రి ఒంటిగంటకు నిద్రమొహంతో ఉంటే పాత కథే. అందుకని మోతను యంత్రానికి అప్పగించాం. మాలో ఎవరైనా మార్పు రాస్తే ముందు దాన్ని మరొకరు చదివి ఒప్పుకోవాలి. ఒప్పుకున్న క్షణం నుంచి గిట్‌హబ్ యాక్షన్స్ అనే సేవ పని అందుకుంటుంది. పెట్టె కడుతుంది, పరీక్షలు పెడుతుంది. వాటిలో ఒక పరీక్ష మాకు ప్రాణం. యంత్రం తానే ఒక విద్యార్థిలా దరఖాస్తు నింపి, ఒక ధ్రువపత్రం ఫొటో జతచేసి, తర్వాత ఆ ఫొటో తిరిగి తెరుచుకుంటోందో లేదో చూస్తుంది. తెరుచుకోకపోతే పని అక్కడే ఆగుతుంది, మా ఫోన్లకు కబురు వస్తుంది. పిల్లలు వాడుతున్న సైటుకు ఏమీ కాదు.

పరీక్షలన్నీ దాటితే పెట్టె మీద ఆ మార్పు నంబరు ముద్రపడి, గూగుల్ వారి క్లౌడ్ రన్‌కు చేరుతుంది. అక్కడ కూడా కొత్తది వెంటనే జనం ముందుకు రాదు. పాతది నడుస్తూనే ఉంటుంది. కొత్తదాన్ని పక్కన లేపి మేము చూసుకుని, ముందు పదిమందిలో ఒకరిని దానివైపు పంపి, బాగుంటే అందరినీ మళ్ళిస్తాం. తేడా వస్తే పాతదాని వైపు తిప్పడానికి నిమిషం పట్టదు. ఈ ఏడాది గడువు వారంలో ఒకసారి అలా తిప్పాల్సి వచ్చింది కూడా. పాసుపుస్తకం ఫొటో కొన్ని ఫోన్లలో అడ్డంగా పడుతోంది. తిప్పేశాం, తీరిగ్గా సరిచేసి మర్నాడు మళ్ళీ పెట్టాం. ఆ రాత్రి అందరం పదిన్నరకే పడుకున్నాం.

అయితే మా గొప్పలే చెప్పుకుంటే అన్యాయం. కంటైనర్ మొదటిసారి కట్టినప్పుడు పెద్ద పొరపాటే చేశాం. పిల్లల కాగితాలను మళ్ళీ ఆ పెట్టె లోపలే దాచాం. క్లౌడ్‌లో పెట్టె ఆగి మళ్ళీ లేచినప్పుడల్లా కొత్తగా లేస్తుంది, లోపల రాసుకున్నది మిగలదు. ఉత్తుత్తి దరఖాస్తులతో పరీక్షిస్తున్నాం కాబట్టి బతికిపోయాం. పాత గాయం మీదే మళ్ళీ దెబ్బ తగిలినట్టయింది. ఇప్పుడు కాగితాలన్నీ విడిగా, ముంబయి ప్రాంతంలోని నిల్వలో ఉంటాయి. పొరపాటున తీసేసినా పాత ప్రతి తిరిగి తెచ్చుకోవచ్చు. అవి పేదపిల్లల ఆధార్ నకళ్ళు, ఇంటి ఆదాయం వివరాలు, మన దగ్గర ఉన్న అమానత్. అందుకే డేటాబేస్ పాస్‌వర్డు కూడా ప్రోగ్రాంలో రాయకుండా వేరే తాళపు పెట్టెలో ఉంచాం.

యంత్రానికి రాని పని ఒకటుంది. ప్రోగ్రాంను వెనక్కి తిప్పినంత సులువుగా డేటాబేస్‌ను తిప్పలేం. ఒక గడి తీసేశామంటే అందులోని సమాచారం పోయినట్టే. అందుకని కొత్త గడి ముందు చేరుస్తాం, పాతది ఆ సీజను ముగిశాక, ఇద్దరు చూసి, చేత్తోనే తీస్తాం.

ఇప్పుడు డబ్బు సంగతి. క్లౌడ్ రన్‌లో ఎవరూ వాడని వేళ మన పెట్టె నిద్రపోతుంది, దానికి బిల్లు పడదు. మనకు రద్దీ ఏడాదిలో రెండు నెలలే కాబట్టి ఇది బాగా కలిసొచ్చింది. నిద్రలేపిన మొదటి మనిషికి కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది, ఓర్చుకోవాలి. పెట్టెలు కట్టే పనికి గిట్‌హబ్ నెలకు 2,000 నిమిషాలు ఉచితంగా ఇస్తోంది, మనకు అందులో కొంతే సరిపోతోంది. డేటాబేస్ మాత్రం నిద్రపోదు. దరఖాస్తులు లేని డిసెంబరులో కూడా దాని అద్దె రోజూ పడుతుంది. పెద్దాయనగారూ, మీరు చూసిన పద్దులో ఎక్కువ భాగం అదే. ఇంకొక మాట. బిల్లు ఫలానా మొత్తం దాటితే హెచ్చరిక వచ్చేలా పెట్టుకున్నాం. ఆ హెచ్చరిక కబురు చెబుతుందే గానీ బిల్లును ఆపదు. అందుకే ఒకేసారి ఎన్ని పెట్టెలు లేవవచ్చో మేమే హద్దు పెట్టాం.

ఇప్పుడు ఈ పని మాలో నలుగురికి వచ్చు. నాలుగో ఆవిడ మొన్న చేరారు, వారంలోనే మొదటి మార్పు ఎవరి సాయం లేకుండా పంపారు. డాలస్‌లో ఉన్నాయన కూడా అక్కడినుంచే మార్పులు చదివి ఒప్పుకుంటున్నారు. నెలకు ఒక ఆదివారం బ్యాకప్‌ను తెరిచి, ఏదో ఒక దరఖాస్తు తిరిగి వస్తోందా అని చూస్తున్నాం.

ఒకటి మాత్రం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. అది మా చేతిలో లేదు కాబట్టి మీ ముందు పెడుతున్నాం. క్లౌడ్ ఖాతా ఇప్పటికీ మాలో ఒకరి సొంత క్రెడిట్ కార్డు మీద నడుస్తోంది. సంస్థ ఆయనకు నెలనెలా తిరిగి ఇస్తోంది, లెక్కలో తేడా లేదు. కానీ ఆ కార్డు పనిచేయకపోతే ఇంత చేసిందీ ఆగిపోతుంది. ఖాతాను సంస్థ పేరుకు, సంస్థ బ్యాంకుకు మార్చాలంటే కార్యవర్గ తీర్మానం, ఇద్దరు పదాధికారుల సంతకాలు కావాలి. కాగితాలు సిద్ధం చేసి కార్యదర్శిగారికి ఇచ్చాం. కార్డు గడువు వచ్చే మార్చితో ముగుస్తుంది.