నీరసమునకు సమాధానము

వైద్య స్నాతకులారా,

నేడు పట్టము పుచ్చుకొని వెడలు మీరు రేపటినుండి కాన్సరు వార్డులో ఏ మాటను అన్నిటికంటె నెక్కువగా వినబోవుదురో, ఆ మాటకు మా తరమువారము చెప్పుచు వచ్చిన సమాధానము తప్పని యొప్పుకొనుటకే నేనీ వేదిక నెక్కితిని. ఆ మాట ‘నీరసము’.

మన భాషలో బడలిక వేరు, నిస్సత్తువ వేరు. పగలెల్ల పొలమున పాటుపడినవానికి కలుగు బడలిక ఒక రాత్రి నిద్రతో తీరును. కీమోథెరపీ నడచునపుడును, కొందఱికి అది ముగిసిన యేండ్లకును, తల దువ్వుకొనుటకు సైతము చేయి లేవనీయని నిస్సత్తువ యెంత నిద్రించినను తీరదు. మన అవ్వలెఱిగిన యీ భేదమును మేము మఱచి, ‘విశ్రాంతి తీసికొనుడు’ అని పంపితిమి. ఇంటివారు ప్రేమచేత మంచము దిగనీయరైరి. కదలిక లేక కండరములు క్షీణించి, ఆ క్షీణత మఱింత నిస్సత్తువను తెచ్చెను. ఆపైని వారు గ్లూకోజు సీసా యడుగుటయు, మేమెక్కించుటయు! లీటరు అయిదు శాతపు గ్లూకోజులో నుండునది 50 గ్రాముల చక్కెర మాత్రమే.

113 పరిశోధనలను, 11,000కు పైబడిన రోగులను కలిపి చూచి 2017లో వెలువడిన యొక సమీక్ష, వ్యాయామమును మానసిక చికిత్సయు ఈ నిస్సత్తువను మందులకన్న మిన్నగా తగ్గించునని తేల్చినది.

అయినను నడువుమనుటకు ముందు, సున్న మొదలు పదివఱకు నీరసమెంతయో అడుగుడు. నాలుగు, అంతకు మించినచో రక్తహీనత, థైరాయిడు లోపము, నొప్పి, నిద్రలేమి, దిగులు, వీనిలో నేది దాగియున్నదో వెదకుడు. వ్యాధి యెముకలకు పాకినదేమో, ప్లేట్‌లెట్లు పడిపోయినవేమో చూడుడు. పిదప వారమునకు మూడు దినములు అరగంట నడక గమ్యముగా పెట్టుకొని, తొలినాళ్ళలో వసారా కొనవఱకు పోయి వచ్చుటయే చాలునని చెప్పుడు. ఓపిక యుండు వేళ ముఖ్యమైన పని చేసికొనుట, పీటపై కూర్చుండి స్నానమాడుట మొదలగు చిన్న మెలకువలు చెప్పుటకు తీరిక చేసికొనుడు. యోగమును ధ్యానమును మన సొత్తని సభలలో గర్వించు మనము, వానిని రోగి చీటీపై వ్రాయుటకేల సిగ్గుపడుదుమో నాకు తెలియదు.

ఇంతచేసినను కొందఱికి తీరదు, వారితో అబద్ధమాడకుడు. అయినను, మా యొద్దకు వచ్చు నొక వృద్ధురాలు తులసికోట చుట్టు మూడు ప్రదక్షిణములతో మొదలిడి, నాలుగవ నెలకు వీధి కొననున్న గుడివఱకు నడచి పోవుచుండెను. మొన్న కనబడి, “సీసా డబ్బులు మిగిలినాయి నాయనా” అన్నది.