శుక్రుని కాంతియు, మన నాపబండయు



ఈ రజతోత్సవమున గ్రహములను గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరినారు. ఆకాశమునకు బోవుటకు ముందు మన అరుగుమీదనే ఒక క్షణము నిలుతము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నాపబండ పఱచని అరుగు అరుదు. వాన వెలిసిన పిమ్మట తడిబండపై ఏటవాలుగా ఎండ పడి కన్నులు మిఱుమిట్లు గొనును. నేడు అంగళ్లలో దొరకు పోలరాయిడ్ చలువ కళ్లద్దమును కంటి ముందు పట్టి మెల్లగా త్రిప్పి చూడుడు. ఒక వాటమున ఆ తళుకు చాలవఱకు మాయమగును. సూర్యుని కాంతి అన్ని దిశలకును కంపించును. బండను తాకి వచ్చినది ముఖ్యముగా ఒక్క దిశనే కంపించును. దీనినే ధ్రువిత కాంతి యందురు. ఎంత పాలు ధ్రువితమైనదో కొలిచినచో, ఆ కాంతి తాకి వచ్చినది నున్నని బండయో, పొడిమన్నో, ద్రవబిందువులో ఊహింపవచ్చును. చేయి సోకని గ్రహమును పరీక్షించుటకు ఇంతకంటె చౌకయైన ఉపాయము లేదు.

ఈ విద్యను తరతరములుగా పెంచినవారు ఫ్రెంచివారు. 1811లోనే అరాగో చంద్రకాంతియందు ధ్రువణమును చూచెను. ఈ కథలో మన గుంటూరునకును పాలు కలదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి పండితుడు జాన్సెన్ అచటికి వచ్చెను. ఆ ఊరనే విడిసిన ఆంగ్లేయ బృందములోని కెప్టెన్ బ్రాన్‌ఫిల్, సూర్యుని చుట్టునున్న కాంతికిరీటము ధ్రువితమని గుర్తించెను. గ్రహణము లేని వేళను సైతము సూర్యజ్వాలలను చూచు మార్గము జాన్సెన్‌కు గుంటూరుననే దొరకినది. తరువాత పారిస్ చెంత మ్యూడాన్ వేధశాలను స్థాపించినవాడు ఆతడే.

ఆ మ్యూడాన్‌లోనే బెర్నార్డ్ లియో వేయింట ఒక పాలు ధ్రువణమును కూడ పసిగట్టు పరికరమును నిర్మించెను. శుక్రుని కళలు మాఱుకొలది ధ్రువణమెట్లు మాఱునో ఓపికతో కొలిచి, 1929లో ప్రకటించెను. మేఘములలో సన్నని బిందువులు కలవని తోచినది గాని అవి యే ద్రవమో నిశ్చయముగా తేలలేదు. తేలకున్నను అంకెలను ఉన్నవి ఉన్నట్లు ప్రకటించుట నాకు మిక్కిలి గొప్పగా కనబడును. 1952లో సూడాను గ్రహణయాత్రనుండి మరలుచు ఆతడు రైలులోనే కన్నుమూసెను.

శిష్యుడు డాల్‌ఫుస్ కుజుని కాంతిని లిమొనైట్ అను ఇనుపరాతి పొడి కాంతితో పోల్చెను. 1976లో అచట దిగిన వైకింగ్ నౌకలు తుప్పు రంగు మట్టినే చూపినవి.

శుక్రుని సంగతి 1974లో తేలినది. హాన్సెన్, హోవెనియర్ అను ఇరువురు లియో పాత కొలతలను, క్రొత్తవానిని ముందుంచుకొని లెక్కవేసిరి. బిందువులు గుండ్రనివి, వ్యాసార్ధము మిల్లీమీటరులో సుమారు వేయవ వంతు, వక్రీభవన గుణకము దాదాపు 1.44. నీటికి అది 1.33 మాత్రమే. కావున ఆ మేఘములు నీటివి కావు, గాఢ గంధకికామ్లపువి. అప్పటికి లియో మరణించి ఇరువది రెండేండ్లు.