నాన్నగారి బ్రౌజరు

పోయిన నెల గుంటూరు నుంచి నాన్నగారు ఫోన్ చేసి, "ఒరేయ్, బ్రౌజరు పాతబడిందట, అప్‌డేట్ చేయమని ఏదో పేజీ వచ్చింది. నొక్కమంటావా?" అన్నారు. ఇక్కడ న్యూజెర్సీలో నాకు గుండె గుభేలుమంది. ఆయన పింఛను లెక్కలన్నీ ఆ కంప్యూటరులోనే చూసుకుంటారు మరి! "వద్దు నాన్నా, మూసేయండి" అన్నాను.

వెబ్ పేజీలో ప్రత్యక్షమయ్యే అప్‌డేట్‌ని నమ్మకండి. అసలైనది బ్రౌజరు మెనూలోనే ఉంటుంది. క్రోమ్‌లో పైన కుడిపక్కనున్న మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ గూగుల్ క్రోమ్ తెరవండి. కొత్తది ఉంటే అదే దించుకుంటుంది. కానీ బ్రౌజరు మూసి మళ్ళీ తెరిస్తేనే అమల్లోకి వస్తుంది. వారాల తరబడి ట్యాబులు మూయని నాలాంటి వాళ్ళం ఇక్కడే దొరికిపోతాం. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సేఫ్ బ్రౌజింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

నాన్నగారిది విండోస్ 7. దానికి క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109తోనే ఆగిపోయింది. ఇక ఎంత వెతికినా కొత్తది రాదు. అందుకే దానిమీద బ్యాంకు పని మాన్పించాను. "ఇన్నాళ్ళూ బాగానే ఉందిగా!" అన్నారాయన. తాళం పాడైనా తలుపు మూసినట్టే కనిపిస్తుంది కదండీ.

ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "భోంచేశారా?" అని అడిగాక, బ్రౌజరు సంగతీ ఓసారి అడగండి. సెలవు.