ఆరింటి వార్తలు ఆరింటికే

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకూ, వెనక వరుసల్లో మీకంటే ఎక్కువ సంబరపడుతున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు. ఘాజియాబాద్‌లో తెలుగు ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడి తెలుగు పిల్లల కోసం తెలుగులోనే మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అడగకపోయినా అదే చేసేవాణ్ణేమో.

మీలో కొందరు పక్కనే ఉన్న నోయిడా ఫిల్మ్ సిటీలో ఏదో ఒక ఛానల్‌లో చేరతారు, కొందరు స్ట్రీమింగ్ కంపెనీలకు వెళ్తారు. ఎక్కడికెళ్లినా ఏదో ఒకరోజు మీ చేతికి షెడ్యూల్ ఫైలు వస్తుంది. వౌజా లాంటి స్ట్రీమింగ్ సర్వర్‌లో అది చిన్న టెక్స్ట్ ఫైలు. ఏ స్ట్రీమ్ మీద, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ వీడియో, ఎన్నో సెకను నుంచి, ఎంతసేపు, అయిపోయాక మళ్లీ మొదటినుంచి తిప్పాలా వద్దా... అంతే. రాసిపెడితే రాత్రంతా సర్వరే నడుపుకుంటుంది, మీరు ఇంటికెళ్లి పడుకోవచ్చు. పడుకోండి గానీ, ముందు ఆ సర్వర్ గడియారం చూడండి.

క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్లు మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున సుప్రభాతం రావాలని మీరు 05:00 అని రాస్తారు. ఫైల్లో తప్పు లేదు, సర్వర్‌లో తప్పు లేదు. సుప్రభాతం మాత్రం పదిన్నరకు, జనం ఆఫీసులకు చేరాక మోగుతుంది. అమెరికా తెలుగువాళ్ల కోసం నడిపే స్ట్రీమ్ అయితే ఇంకో చిక్కు. వాళ్లు మార్చిలో గడియారాన్ని గంట ముందుకు తిప్పి, నవంబరులో వెనక్కి తెస్తారు. మనం తిప్పం. న్యూజెర్సీకీ మనకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. హైదరాబాద్‌లో కూర్చుని ఏడాదంతటికీ ఒకే టైం పెట్టేస్తే, అక్కడి అమ్మమ్మగారికి ఏడాదిలో కొన్ని నెలలు సీరియల్ గంట తేడాతో వస్తుంది.

దేశానికి అధికారిక సమయం చెప్పే జాతీయ భౌతిక ప్రయోగశాల ఇక్కడికి దగ్గర్లో, ఢిల్లీ పూసాలోనే ఉంది. 2017 జనవరి 1న ఉదయం 5 గంటల 29 నిమిషాల 59 సెకన్లు దాటాక మన గడియారానికి ఒక సెకను అదనంగా కలిపారు. ఒక్క సెకనుకే అక్కడ అంత లెక్క. మన షెడ్యూళ్లలో ఐదున్నర గంటలు అడిగే నాథుడు లేకుండా పోతుంటాయి.

వేళకు బొమ్మ చేర్చడం ఈనాటి విద్య కాదు. 1975 ఆగస్టు 1న, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపే ‘సైట్’ (SITE) ప్రయోగం మొదలైంది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు రోజుకు 4 గంటల కార్యక్రమాలు వచ్చేవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఊరుమ్మడి టీవీ ముందు కూర్చునే మనిషి ఎప్పుడు తీరికగా ఉంటాడో ఆలోచించి వేసిన వేళలవి. ఆరోజు తప్పితే తప్పినట్టే, మళ్లీ చూసే వీల్లేదు. ఏడాది గడువు తీరగానే అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో గానీ రాలేదు.

నాకు బాగా నచ్చిన షెడ్యూలు కేంద్ర ప్రభుత్వ విద్యా టీవీ స్వయంప్రభది. 2017 జూలైలో పాఠాలు చెప్పే 32 ఛానళ్లతో మొదలైంది. రోజుకు కనీసం 4 గంటల కొత్త పాఠాలు వేసి, వాటినే అదేరోజు మరో ఐదుసార్లు తిప్పాలని పెట్టుకున్నారు. పగలు పనికెళ్లే అమ్మాయి రాత్రి చూసుకోవచ్చు. ఇందులో గొప్ప సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. చూసేవాళ్ల రోజు ఎలా గడుస్తుందో ఎవరో కూర్చుని ఆలోచించారు, అదీ సంగతి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ బడిపిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా తరగతికో వేళ చొప్పున పాఠాలు వచ్చినప్పుడూ షెడ్యూలే బడిగంట అయింది.

షెడ్యూలు విషయంలో మిగతా జాగ్రత్తలు మీకు పాఠాల్లో చెప్పే ఉంటారు. వరుసలో పెట్టే వీడియోలన్నీ ఒకే కొలతలో, ఒకే ఫ్రేమ్ రేటులో, ఒకే ఆడియో పద్ధతిలో ఉండాలి. లేకపోతే ఒకటి అయిపోయి ఇంకొకటి ఎత్తుకునే చోట ఫోన్లో బొమ్మ నిలిచిపోతుంది. ఫైలు దొరకనప్పుడు నడిచే ఫిల్లర్ వీడియో ఒకటి సిద్ధంగా పెట్టుకోవాలి. సాహిబాబాద్ స్టేషన్‌లో నమో భారత్ రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫాం మీద మనిషికి బోర్డు చూసో, ప్రకటన వినో సంగతి తెలుస్తుంది. నల్లటి తెర ముందున్న మనిషికి ఏదీ తెలియదు. తన నెట్ పోయిందేమోనని రూటర్ ఆపి ఆన్ చేస్తుంటాడు పాపం.

ఉద్యోగంలో చేరిన రోజే మీ పైవాళ్లను మూడు సంగతులు అడగండి. సర్వర్ ఏ టైం జోన్‌లో ఉంది? ఫైలు లేకపోతే ఏం నడుస్తుంది? అర్ధరాత్రి స్ట్రీమ్ ఆగితే ఫోన్ ఎవరికొస్తుంది? మూడోదానికి జవాబు చాలాసార్లు కొత్తగా చేరినవాళ్ల పేరే అవుతుంది. ఆ ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టకండి.