కువైట్ వీసాలో ఏ నంబరో చూసినారా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను కువైట్ అనుభవాలు చెప్పమన్నారు. ఎండ గురించి, ఎడారి గురించి చెబితే మీకేం లాభం? అక్కడ ఒక కంపెనీలో ఇరవై రెండేండ్లు పనివాళ్ల కాగితాలు చూసినాను. అందుకని కాగితాల గురించే మాట్లాడతాను. కువైట్‌లో అయినవాళ్లు ఒక్కరూ లేని ఇంటివాళ్లు చేతులెత్తండి అంటే ఈ సభలో ఎన్ని లేస్తాయో మీకే తెలుసు. రాయచోటి నుంచి కలికిరి దాకా, మన కోట కింద వీధులతో సహా, దినార్లతో లేచిన మిద్దెలు కనపడని ఊరు లేదు.

పోయేవాడిని ఏం వీసా అని అడిగితే "ఆజాద్ వీసా అన్నా" అంటాడు. ఆజాద్ అంటే స్వేచ్ఛ. కువైట్ చట్టంలో అట్లాంటి వీసా ఏదీ లేదు. ఎవరో ఒక కువైటీ తన ఇంట్లో పనికని వీసా తీస్తాడు, మధ్యలో వాళ్లు దాన్ని అమ్ముతారు. మనవాడు లక్షలు పోసి కొని, అక్కడికి పోయి హోటల్లోనో, టైలరు అంగట్లోనో చేరతాడు. కఫీల్ ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా చూసి ఉండడు. ఏడాదికొకసారి అకామా కొట్టించడానికి మాత్రం ఆయనకు దుడ్లు కట్టాలి.

అక్కడ చట్టం మనిషిని నంబరుతో చూస్తుంది. ఇంటిపనికి వచ్చినవాళ్లకు 20. హౌస్ డ్రైవరు, వంటమనిషి, తోటమాలి అందరూ అందులోనే. కంపెనీలో, అంగట్లో పనికి 18. ప్రభుత్వ ఉద్యోగికి 17. భార్యాపిల్లలను తెచ్చుకుంటే వాళ్లకు 22. ఈ నంబరును బట్టే మీకు ఏ చట్టం వర్తిస్తుందో తేలుతుంది. 18 వాళ్లకు 2010లో వచ్చిన ఆరో నంబరు కార్మిక చట్టం ఉంది: రోజుకు ఎనిమిది గంటల పని, ఏడాదికి ముప్ఫై రోజుల సెలవు. 20 వాళ్లకు ఆ చట్టం లేదు. వాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం చేసినారు. పన్నెండు గంటలు దాటి పని చేయించకూడదు, వారానికొక రోజు సెలవివ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, మానేసి వచ్చేటప్పుడు ఏడాదికొక నెల జీతం లెక్కన కట్టివ్వాలి. రాత బాగానే ఉంది. కానీ నాలుగు గోడల మధ్య జరిగేది చూసేదెవరు?

20 మీద పోయి బయట పని చేసేవాడికి ఆ రాత కూడా అక్కరకు రాదు. నాకంటే రెండేండ్లు చిన్నవాడు, ఈ బడిలోనే చదివినవాడు, పేరు చెప్పను. హౌస్ డ్రైవరు వీసా మీద వచ్చి ఒక బేకరీలో చేరినాడు. మూడో ఏడు కఫీల్ ఇంకా ఎక్కువ అడిగినాడు. వీడు కట్టలేకపోయినాడు. అంతే, తగయ్యుబ్ పెట్టేసినాడు. అంటే మా పనివాడు పారిపోయినాడని ఫిర్యాదు. అక్కడి నుంచి అకామా లేదు, బతాకా పనిచేయదు, జబ్బు చేస్తే ఆస్పత్రికి పోవాలంటే భయం. ఇక్కడ వాళ్ల నాయన చనిపోతే మట్టి వేయడానికి రాలేకపోయినాడు. ఫోన్లో చూసినాడు. 2024 మార్చి 17 నుంచి జూన్ ఆఖరు దాకా క్షమాభిక్ష ఇచ్చినారు కదా, అప్పుడు జరిమానా లేకుండా వచ్చినాడు. ఇప్పుడు మదనపల్లె టమోటా మార్కెట్టులో ఉన్నాడు, బాగున్నాడు.

20 నుంచి 18కి మారొచ్చు కదా అంటారు. మామూలుగా కుదరదు. 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా రెండు నెలలు ఆ తలుపు తెరిచినారు, కఫీల్ దగ్గర ఏడాది చేసి ఉండి, ఆయన ఒప్పుకుంటేనే. మళ్లీ ఎప్పుడు తెరుస్తారోనని ఇప్పుడు 20 కొనుక్కొని పోవడం తెలివి కాదు. పైగా ఆ ఏడాదే చేసిన 114వ నంబరు నివాస చట్టం 2025 జనవరి 5 నుంచి నడుస్తోంది. అకామాలు అమ్మితే మూడు నుంచి ఐదేండ్ల జైలు, వేల దినార్ల జరిమానా. ఇంటిపని వాళ్లు ఊరికొచ్చి నాలుగు నెలలు దాటి ఉండిపోకూడదు. చెల్లెలి పెండ్లనో, కాలు విరిగిందనో ఆగిపోయేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

18 వాళ్లకు కూడా ఒక మెలిక ఉంది. 2025 జూలై 1 నుంచి దేశం దాటాలంటే ముందుగా కంపెనీ ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ కావాలి. టికెట్ కొన్నాక అడగకండి, అడిగినాక కొనండి.

భార్యాపిల్లలను తీసుకుపోతామని చాలామంది ఆశ. 2024లో ఫ్యామిలీ వీసా మళ్లీ తెరిచినప్పుడు 800 దినార్ల జీతం ఉండాలన్నారు. కొన్ని ఉద్యోగాలకు మినహాయింపు ఉందిలెండి. మనూరి డ్రైవరుకు, వంటమనిషికి అది అందే జీతం కాదు. గోల్డెన్ వీసా గురించి కూడా ఒకాయన అడిగినాడు. అది దుబాయిలో, ఆస్తి మీద తీసుకోవాలంటే ఇరవై లక్షల దిర్హాంలది ఉండాలి. అంత ఉన్నవాడు గుర్రంకొండలో నా ప్రసంగం వినడు.

ఇక మన వైపు సంగతి. పది పాసైతే పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర ఉండదు. పాసు కానివాళ్లు కువైట్‌లో పనికి పోవాలంటే ఈమైగ్రేట్‌లో ఒప్పందం నమోదై, అనుమతి రావాలి. జీతం ఎంతో, కఫీల్ ఎవరో అందులో ఉంటుంది. ప్రవాసీ భారతీయ బీమా కూడా చేయించుకోవాలి, రెండేండ్లకు 275 రూపాయలకే పది లక్షలు. ముద్ర లేనివాడికి ఈ తంతు లేదు. దాన్ని అదృష్టం అనుకుంటాం. నేను మాత్రం పది సర్టిఫికెట్టు ఉన్న పిల్లల కాగితాలే ఎక్కువ జాగ్రత్తగా చూస్తాను, ఎందుకంటే వాళ్లవి ఇంకెవరూ చూడరు.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ముప్ఫై ఏండ్లు నిండని ఆడమనిషిని ఇంటిపనికి పంపకూడదు. నిండినవాళ్లను కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి, మనకు ఓంక్యాప్ ఉంది. అందుకే ఏజెంటు ఏం చేస్తాడంటే, విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో తీసుకుపోయి అక్కడి నుంచి దాటిస్తాడు. ఆ దారిన పోయిన అక్కకు ఒప్పందం ఉండదు, బీమా ఉండదు. ఫలానా ఇంట్లో ఉందని చెప్పే కాగితం ముక్క మన దగ్గర ఉండదు. "ముందు విజిట్ మీద పో, తర్వాత మార్పిస్తా" అని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపేయండి.

లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవాల్సిన ఫీజు ముప్ఫై వేలు, పైన జీఎస్టీ. లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్‌లోనే చూడొచ్చు. మన పిల్లలు ఫోన్లో నిమిషంలో చూసిపెడతారు, అడగండి.

నేను ఈ నెలాఖరు దాకా ఊళ్లోనే ఉంటాను. సాయంత్రం ఐదు తర్వాత ఎవరైనా వీసా కాగితం తీసుకొని ఇంటికి రండి, అరబ్బీలో ఉన్నా పర్వాలేదు, చదివి నంబరు ఏదో, కఫీల్ ఎవరో చెబుతాను. డబ్బు కట్టకముందే రావాలి. సెలవు.