బరువు బస్కీలు: లెక్క యెంత, బరువెంత?

మా నాయనగారు వార్ధక్యమున పీటమీద భోజనము ముగించి లేచునపుడు గోడను పట్టుకొనెడివారు. కొంతకాలమునకు పీటకు మారుగా కుర్చీ వచ్చినది. పిదప కుర్చీనుండి లేచుటకును ఒకరి చేయి ఆసరా కావలసివచ్చినది. నలుబది దాటిన పిమ్మట మెట్లెక్కునపుడు మా చేతులు తమంతట తామే మోకాళ్ళమీద ఆనుచుండుట గమనించి మేము వ్యాయామశాలలో చేరితిమి. బార్‌బెల్‌ను మెడవెనుక భుజములపై నుంచుకొని, తొడలు నేలకు సమాంతరముగా వచ్చువరకు దిగి లేచు స్క్వాట్ అను వ్యాయామమును అచ్చట నేర్చితిమి. మన తాలింఖానాలలోని బస్కీకి ఇది దగ్గర చుట్టము. అయితే మన పెద్దలు పెంచినది బస్కీల లెక్కను. నేడు 50 తీసినవాడు రేపు 60 తీయును. బార్‌బెల్ పట్టినవారు లెక్కను కదలనీయక బరువును పెంచెదరు. ఈ రెండింటిని పొత్తు కుదుర్చుటయం దొకచో మేము పొరబడితిమి. ఆ సంగతియే నేటి ప్రసంగము.

క్రొత్తవారి క్రమము మిక్కిలి సులభము. వారమునకు 3 దినములు. దినమునకు 5 సారులు చొప్పున 3 సెట్లు. వచ్చిన ప్రతిమారు 2.5 కిలోలు అధికము. అమెరికా దేశీయుడగు మార్క్ రిపెటో ప్రభృతులు 2005లో వెలువరించిన ‘స్టార్టింగ్ స్ట్రెంగ్త్’ అను గ్రంథమువలన ఈ పద్ధతి నలుదెసల వ్యాపించినది. క్రొత్తవాని బరువులు తక్కువ గనుక, ఒక దినపు శ్రమనుండి అతని శరీరము రెండు దినములలో తేరుకొని మునుపటికంటె కొంచెము బలపడును. దూడను దినదినము మోసి, అది ఎద్దైనను మోయగలిగిన గ్రీకు మల్లుడు మైలో కథ ఇట్టిదే. ఆ కథను చెప్పువారు ఎద్దుపైని మరియొక ఎద్దును మోసెనా అను ప్రశ్నకు మాత్రము బదులు చెప్పరు.

మేము 20 కిలోల వట్టి కడ్డీతో ఆరంభించి నాలుగు నెలలలో 90 కిలోలకు చేరితిమి. అచ్చట బండి నిలిచినది. మూడవ సెట్టులో నాలుగవమారు దిగినవారము లేవలేక, కడ్డీని అడ్డుకమ్ములపై వదలివేసితిమి. వరుసగా మూడుమారులు అట్లే జరిగెను. బలము చాలకున్న శ్రమ చాలలేదని యెంచి, మూడు దినములును 5 సెట్ల చొప్పున చేయనారంభించితిమి. మూడు వారములకు 90 పోయి 85 కూడ బరువయ్యెను. స్టూడియో మెట్లు దిగునపుడు మోకాలు కలుక్కుమనుచుండ, మా సహోద్యోగి ఒకరు “ఏమండీ, నడక మారినదే!” అని పలుకరించిరి. బలమునకై పోయి కుంటి నడకను తెచ్చుకొంటిమి. పిమ్మట మూడు వారములు కడ్డీని ముట్టలేదు.

శ్రమను పెంచుటయే సాధనమైనచో వైద్యులు దానిని తగ్గించియుండరు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున షికాగోలోని సైనిక వైద్యశాలలో డాక్టరు థామస్ డెలోర్మ్, మోకాలి గాయములతో వచ్చిన సైనికులచే బరువులెత్తించి కాళ్ళకు మరల పుష్టి కలిగించెను. 1945లో ఆయన ప్రకటించిన విధానమున దినమునకు 10 సారులు చొప్పున 7 మొదలు 10 సెట్లు కలవు. 1948లో డాక్టరు వాట్కిన్సుతో కలిసి వ్రాసినపుడు ఆయనయే దానిని 3 సెట్లకు కుదించెను. తన లెక్కను తానే దిద్దుకొన్న పెద్దమనిషిని చూచి మాకును కొంత ధైర్యము కలిగినది.

ఇక కూడిక చూతము. 90 కిలోలతో వారమునకు 45 సారులు లేచినచో మొత్తము 4050 కిలోలు, దినమునకు 1350. దీనికి మారుగా, సోమవారము 80 కిలోలతో 5 సారులు చొప్పున 5 సెట్లు చేసినచో ఒక్కనాటనే 2000. బుధవారము 65 కిలోలతో 2 సెట్లు మాత్రము. ఇది శ్రమకు గాక కీళ్ళు బిగియకుండుటకు. శుక్రవారము 90 కిలోలతో ఒకే సెట్టు. వారము మొత్తము 3100. వారపు బరువు తగ్గినది. సోమవారపు బరువు మాత్రము దాదాపు ఒకటిన్నర రెట్లయినది. కొంత ముదిరిన శరీరమును కదలించుటకు అంతటి దెబ్బ కావలెను. దానినుండి తేరుకొనుటకు రెండు దినములు చాలవు, ఇంచుమించు వారము పట్టును. అందుచే లెక్కకొక దినమును, బరువునకొక దినమును, విశ్రాంతి కొక దినమును కేటాయింతురు. వ్యాయామశాలలలో దీనికి టెక్సస్ పద్ధతి యని పేరు.

అయితే తొందరపడి ఇందులోనికి దుముకరాదు. సెట్టునకు సెట్టునకు నడుమ రెండు నిమిషములే ఆగుచుండినవారు అయిదు నిమిషములు ఆగి చూడవలెను. రాత్రి నిద్రయు, పళ్ళెములోని పప్పు, పెరుగు, గ్రుడ్లును చాలుచున్నవా యని చూచుకొనవలెను. తరువాత బుధవారము నొక్కదానిని తేలికపరచి, మిగిలిన రెండు దినములు పాతక్రమమునే నడపవలెను. పెక్కురకు ఇంకను కొన్ని వారములు ఇంతమాత్రముననే గడచిపోవును. గుండె జబ్బో, మోకాలి జబ్బో గలవారు ముందుగా వైద్యునడుగుట మంచిది.

క్రొత్త క్రమమున అయిదవ శుక్రవారమునకు మేము 100 కిలోలు మోసితిమి, 102.5 కడ మరల ఆగితిమి. ఈమారు సెట్లు కలుపుటకు ముందు మేము వ్రాసికొను పుస్తకమును తెరచితిమి. శుక్రవారము ఆగినపుడు వెదకవలసినది సోమవారమందు. సోమవారము సులభముగా ముగిసి, శుక్రవారము కాళ్ళు తేలికగా నుండియు బరువు లేవకున్నచో సోమవారపు పని చాలలేదన్నమాట; అచ్చట బరువునో, ఒక సెట్టునో కలుపవలెను. శుక్రవారము కడ్డీక్రిందికి పోవునప్పటికే కాళ్ళు బరువుగా నున్నచో సోమవారపు పని హెచ్చినదన్నమాట, తగ్గింపవలెను. రోగమొక్కటే, మందులు రెండు; ఏది తనదో పుస్తకము లేనివాడు ఎరుగలేడు. మా పుస్తకమున “కాళ్ళు బరువు” అని రెండు శుక్రవారములు వరుసగా వ్రాసియున్నది. సోమవారమున అయిదు సెట్లను నాలుగు చేసితిమి. రెండు వారములకు 102.5 లేచినది. ఇరువది యేండ్లవాడు అయిదు సెట్లను నవ్వుచు మోయవచ్చును. మా వయస్సువారికి నాలుగు, ఒక్కొక్కప్పుడు మూడే చాలును. ఇందు చిన్నతనమేమియు లేదు.

నిద్ర సంగతి మా ఉద్యోగస్థులకు ప్రత్యేకముగా తెలియును. ఉదయపు ప్రసారముల వంతు వచ్చిన వారమున మేము తెల్లవారుజామున నాలుగు గంటలకే లేవవలెను. వచ్చువారము ఆ వంతు మాదే. అందుచే పుస్తకమున సోమవారమునకు మూడు సెట్లే వ్రాసికొంటిమి.