నౌకాయాత్రలో మారకద్రవ్యము

బాల్టిక్ సముద్రముపై విహారనౌక నెక్కినవారికి వారము పది దినములలో కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్, హెల్సింకి, టాలిన్ నగరములు వరుసగా కనబడును. మొదటి నగరమున డేనిష్ క్రోను చెల్లును. రెండవదానిలో స్వీడిష్ క్రోను. తక్కిన రెంటిలో యూరో. ఓడలోని లెక్క మాత్రము తరచుగా డాలర్లలోనో యూరోలలోనో సాగును. ఉదయము రేవున దిగి సాయంకాలమునకు ఓడ చేరవలసిన యాత్రికునకు, ఆ కొద్ది గంటలకై ఎంత సొమ్ము మార్చుకొనవలెనన్నది పెద్ద చిక్కు.

మేము దంపతులము ప్రయాణమైనప్పుడు ఇది చిక్కుగా తోచలేదు. చేత యూరో నోట్లున్నవి. ఏ దేశమున ఆ దేశపు నోట్లు మార్చుకొందమనుకొంటిమి. కోపెన్‌హాగెన్‌లో అట్లే చేసితిమి. మిగిలిన క్రోనులు స్వీడనులోను చెల్లునని ఒక భ్రమ. ఆ భ్రమకు కారణము లేకపోలేదు. క్రోను అనగా కిరీటము. 1873లో డెన్మార్కు, స్వీడను దేశములు ద్రవ్యవిషయమున ఏకమై, 1875లో నార్వేను కలుపుకొనినవి. నాడు ఒకరి క్రోను మరియొకరియొద్ద సమానముగా చెల్లెడిది. 1914లో యుద్ధము వచ్చి ఆ సమత్వము చెడినది. పేరు మాత్రము నిలిచినది.

కావున స్టాక్‌హోములో ఆ సొమ్ము మరల మార్చవలసివచ్చెను. మార్చువాడు తక్కువకు కొని ఎక్కువకు అమ్మును. అది వాని వృత్తి. రూపాయి యూరోయై, యూరో డేనిష్ క్రోనై, అది స్వీడిష్ క్రోను అగునప్పటికి ఆ వ్యత్యాసమును మూడుమార్లు మనమే భరింతుము. ప్రతిమారును నూటికి 5 వంతున పోయినదనుకొందము: 100 రూపాయలు 95 అగును, పిదప 90, తుదకు 86కు లోపు. ఏ వస్తువును కొనకయే 14 రూపాయలు వ్యయమైనవి.

అంతతో తీరలేదు. మా శ్రీమతికి మధుమేహము. పాతపట్టణపు రాతివీథులలో నడచుచుండగా ఆమెకు చెమటలు పట్టి కాళ్లు వణకినవి. ఎదుటనే కాఫీ దుకాణము. లోనికి పోయి నోటు చాపగా, అచట నగదు పుచ్చుకొనరట! స్వీడనులో అనేక దుకాణముల పద్ధతి ఇదే. కార్డునా, దొంగల భయముచే ఓడగదిలో దాచి వచ్చితిమి. ఊరక ఇమ్మని అడుగుటకు నోరు రాలేదు. రెండు వీథులు తిరిగిన పిమ్మట ఒక చిన్న అంగడివారు నోటు తీసికొని అరటిపండ్లిచ్చిరి. సంచిలో చక్కెరబిళ్లలైన ఉంచుకొనకపోవుట మా రెండవ తప్పు.

నాటినుండి కార్డు మా వెంటనే ఉన్నది. కాని కార్డునకును ఒక మాయ కలదు. చెల్లించునపుడు యంత్రము, రూపాయలలోనా, స్థానిక ద్రవ్యములోనా అని అడుగును. రూపాయలను చూడగానే మనసు అటు పోవును. ఆ మారకపు ధర మన బ్యాంకు నిర్ణయించునది కాదు. అమ్మకపుదారుని పక్షమువారు తమ లాభము కలిపి కట్టునది. స్థానిక ద్రవ్యమునే కోరవలెను. నగదు యంత్రములయొద్దను ఇదే మాట. కొన్ని ఓడలలో తుది బిల్లునుకూడ ఇట్లే మార్చుదురు. ఎక్కిననాడే లెక్కల బల్లయొద్ద విచారించుట మేలు. ఓడఖాతాకు డెబిట్ కార్డునకన్న క్రెడిట్ కార్డు మంచిది. ఖర్చునకై ముందే కొంత మొత్తమును నిలిపియుంచుదురు గనుక, డెబిట్ కార్డయినచో మన సొంత సొమ్మే మనకు కొన్నాళ్లు అందకపోవచ్చును.

నోట్లును చూచి పుచ్చుకొనవలెను. డెన్మార్కు 1000 క్రోనుల నోటు 2025 మే 31 తరువాత చెల్లదు. నాణెములను మార్పిడి దుకాణములు సాధారణముగా తీసికొనవు. వానిని రేవులోనే వ్యయపరుపవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట మిగిలిన విదేశద్రవ్యమును 180 దినములలో బ్యాంకునకిచ్చివేయవలెనని మన రిజర్వు బ్యాంకు నియమము. 2000 డాలర్ల విలువవరకు నోట్లు ఉంచుకొనవచ్చును.

హెల్సింకిలో ఇచ్చిన చిల్లరలో ఎగురుచున్న రెండు హంసల బొమ్మగల యూరో నాణెములు కొన్ని వచ్చినవి. ఎస్తోనియా 2011లో యూరోను స్వీకరించినది గనుక, మరునాడు టాలిన్‌లో అవియే చెల్లినవి. వానితో మా శ్రీమతి వేయించిన బాదముపప్పు పొట్లము కొనినది. ఆ దినము మేమేమియు మార్చలేదు.